రైలు రాని స్టేషన్‌కు దీపాలు

పోయినేడాది మా బావకు పక్షవాతం వచ్చింది. చిన్న దెబ్బే అన్నాడు డాక్టరు. ఆయన చెయ్యి కాదు కదా, చిన్నదే అంటాడు. మాట తిరిగి వచ్చింది, నడక తిరిగి వచ్చింది, కుడిచేతి వేళ్లు మాత్రం రాలేదు. కదిలిస్తూ ఉండాలనీ, రావలసిన బలం ఈ కొన్ని నెలల్లోనే రావాలనీ, ఆ తర్వాత చెప్పలేమనీ డాక్టరు మా అక్కను పక్కకు పిలిచి చెప్పాడు. అక్క మెత్తటి రబ్బరు బంతి కొని తెచ్చి పిసకమంటే, "నేనేమన్న చిన్నపిల్లగాన్నా" అని బావ దాన్ని సోఫా కిందికి తన్నేశాడు.

మా పుట్టింటివాళ్లకు ఒక జబ్బు ఉంది. భయమేస్తే ఏడవం, ఆటపట్టిస్తాం. బావ ఇంట్లో మిక్సీ మొదలు ఫ్యాను దాకా అన్నీ తనే విప్పి బిగించేవాడు, చేయి తిరిగినవాణ్ణని గొప్పలు పోయేవాడు. ఆస్పత్రిలో మంచం పక్కన నిలబడి నేను అన్న మొదటి మాట ఇది: "బావా, చేయి తిరిగినోన్నంటివి గదా, ఇప్పుడు జర తిప్పి చూపియ్యి." నర్సు నన్ను మింగేసేలా చూసింది. బావ సగం ముఖంతో నవ్వాడు. అక్క వరండాలోకి వెళ్లిపోయింది.

నేనుండేది పంజాగుట్టలో, వాళ్లుండేది శ్రీనగర్ కాలనీలో. ఆఫీసు అయ్యాక రోజూ అటే వెళ్లి చాయ్ తాగి, బావను నాలుగు మాటలని ఇంటికి వచ్చేదాన్ని. ఒకరోజు వెళ్లేసరికి వాళ్ల భోజనాల బల్ల మీద పాత పేపర్లు పరిచి ఉన్నాయి, వాటి మీద రైల్వే స్టేషన్ ఉంది.

అది బావ కుర్రతనంలో బోరబండలో పాత సామాన్ల దుకాణంలో కొన్న రేకు బొమ్మ. ఏ దేశం నుంచి వచ్చిందో తెలియదు. ఎర్ర ఇటుకల రంగు వేసిన భవనం, టికెట్ల కిటికీ, పట్టాల మీదుగా దాటే వంతెన, ప్లాట్‌ఫారం పొడవునా వేలంత దీపస్తంభాలు. ఒకప్పుడు వాటిలో బల్బులు వెలిగేవట. ఇప్పుడు బల్బులూ లేవు, వైర్లూ లేవు. అసలు రైలే లేదు. ఇన్నేళ్లూ బీరువా మీద దుమ్ము పట్టి ఉన్నదాన్ని ఎందుకు దించాడో నాకు అర్థం కాలేదు.

"ఏంది బావా గిది?"

"లైట్లు పెడుతున్న."

"రైలే లేదు. లైట్లెవలికి?"

"లైట్లుంటే రైలు అదే వస్తది."

వంటింట్లోంచి అక్క అందుకుంది. "వస్తది, వస్తది. అమీర్‌పేటల మెట్రో దిగినోళ్లందరు సీదా ఈడికే వస్తరు. అందరికి చాయ్ పెట్టలేక నేను సస్త."

మర్నాడు బావ ఒక్కడే అమీర్‌పేట వెళ్లాడు. మైత్రీవనం వెనక సందులో తనకు తెలిసిన భాయ్ కొట్టు ఉంది. స్టేషన్‌కు చిన్న చిన్న లైట్లు కావాలని అడిగితే భాయ్ సంతోషంగా ఒక డబ్బా చేతిలో పెట్టాడు. ఇంటికి తెచ్చి స్టేషన్ చుట్టూ చుట్టి స్విచ్చి వేస్తే ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒకదాని వెంట ఒకటి పరుగెత్తసాగాయి. వినాయకుడి మండపాలకు కట్టే సీరియల్ సెట్టు అది.

"స్టేషనా, ఫంక్షన్ హాలా?" అన్నాను.

"పెండ్లికొడుకు ఏ రైలుకు దిగుతుండు? బువ్వ ఏ ప్లాట్‌ఫారం మీద పెడుతున్రు?" అంది అక్క.

తిరిగి ఇచ్చేయడానికి వెళ్లినప్పుడు నేనూ తోడు వెళ్లాను. భాయ్ నెత్తి కొట్టుకున్నాడు. "అరె అన్నా, స్టేషన్ అంటే పోలీస్ స్టేషన్ సమజైంది నాకు! వాళ్లు సుత గణపతిని పెడుతున్రేమో అనుకున్న." సందులో నిలబడి ముగ్గురం పడిపడి నవ్వాం. తర్వాత విషయం చెబితే లోపల వెతికి బియ్యపు గింజంత బల్బులు తీశాడు. ఒక్కోదానికి వెంట్రుకంత సన్నటి తీగలు వేలాడుతున్నాయి.

ఆ తీగల దగ్గరే అసలు కథ మొదలైంది. దీపస్తంభం లోపల డొల్లగా ఉంటుంది. పైన టోపీ తీసి, తీగను అందులోంచి దూర్చి, కింద స్టేషన్‌ను బిగించిన చెక్క పలక అడుగుకు రప్పించాలి. బావ స్తంభాన్ని ఎడమ చేత్తో పట్టుకుని తీగను కుడి చేత్తో దూర్చేవాడు. వేళ్లు వణికేవి, తీగ వంగిపోయేది, బల్బు కింద పడేది. మళ్లీ వెతుక్కునేవాడు.

"ఎడమ చేత్తోని పెట్టు బావా, అయిపోతది," అన్నాను ఒకసారి విసుగొచ్చి.

"అయితది. గప్పుడు గిదంత ఎందుకు?" అన్నాడు తలెత్తకుండా.

అప్పుడు గానీ నా మట్టిబుర్రకు ఎక్కలేదు. సోఫా కింది రబ్బరు బంతి గుర్తొచ్చి, పడ్డ బల్బును వెతికి ఆయన కుడిచేతి పక్కన పెట్టాను.

అక్క కళ్లజోడు లేకుండా సూదిలో దారం ఎక్కించగలదు. బల్ల చుట్టూ తిరుగుతూ, "ఇటియ్యి, నిమిషంల ఎక్కిస్త," అనేది. "ముట్టుకుంటే ఊకోను," అనేవాడు బావ. అక్క వంటింట్లోకి వచ్చి నా చెవిలో, "ఒక్కటి సుత ఎక్కకపోతే ఏం జేస్తడే?" అంది. నేను గిన్నెలు కడుగుతున్నట్టు నటించాను.

మొదటి స్తంభంలోకి తీగ ఎక్కడానికి వారాలు పట్టింది. వెలిగించి చూస్తే తెల్లగా, చల్లగా ఉంది. బావ మొహం మాడిపోయింది. "ఆస్పత్రి తీర్గ ఉన్నది. నాకొద్దు." పాత బల్బుల పసుపు వెలుతురు కావాలట. రంగులేని నా గోళ్ల పాలిష్‌లో అక్క చిటికెడు పసుపు కలిపి ఇచ్చింది. బావ అగ్గిపుల్లతో బల్బుకు పూశాడు. వెలుతురు ముగ్గిన అరటిపండు రంగుకు తిరిగింది.

"స్టేషన్‌కు నలుగు పెడుతుండు మా ఆయన," అంది అక్క. "ముత్తైదువలను పిల్వాల్నా?"

ఒక్కో స్తంభం పూర్తవుతున్న కొద్దీ తీగ వంగడం తగ్గింది. టికెట్ల కిటికీకి వెనక నుంచి పల్చటి బటర్ పేపరు అంటించాడు. బల్లకు దూరంగా తింటూ తింటూ మాకు సోఫాలో కూర్చుని భోంచేయడం అలవాటైపోయింది.

అన్నీ పూర్తయిన రోజు పొద్దు గుంకాక అక్క ట్యూబులైటు ఆపేసింది. బావ కుడి బొటనవేలితో స్విచ్చి నొక్కాడు. కిటికీ వెలిగింది. ప్లాట్‌ఫారం వెలిగింది. వంతెన నీడ వెనక గోడ మీద పెద్దదిగా పడింది. నిజంగానే ఎవరో రైలు కోసం వచ్చి నిలబడతారేమో అనిపించింది. దారిపొడవునా నేను తయారుచేసుకుని వచ్చిన మాటల్లో ఒక్కటీ నోట్లోకి రాలేదు. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

బావ మమ్మల్ని మార్చి మార్చి చూశాడు. "ఏందే, ఎవ్వలేమంటలేరు? బాగలేదా?"

ఆయనకు కంగారు పుట్టింది. "ఏమన్న అనుండ్రి!"

అక్క నోటి మీంచి కొంగు తీసింది. "ఆ చివరిది… జర వంకరున్నది."

అది నిటారుగానే ఉంది. బావ మాత్రం, "అవునా, సరిజేస్త తీయ్," అని కుడిచేయి చాపి, ఆ సన్నటి స్తంభాన్ని రెండు వేళ్ల మధ్య పట్టుకున్నాడు. వేళ్లు వణకలేదు.

అక్క గబుక్కున వంగి ఆ చేతిని తన రెండు చేతుల్లోకి లాక్కుంది. "వద్దు, ఉండనియ్యి," అంది. "నాకు మస్తు భయమైందయ్యా."

మా పుట్టింటి మనిషి ఆ మాట పైకి అనగా వినడం నాకు అదే మొదటిసారి. బావ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.