సత్తయ్య తాత నోరు

పోయిన నెలలో ఒక మంగళవారం పొద్దున ఆఫీసులో ఒక పెద్దమనిషికి పంటి వైద్యం ఖర్చు ఇవ్వలేమని మర్యాదగా ఉత్తరం రాస్తుండగా దంతవైద్య కళాశాలలో నాతో చదివిన డాక్టర్ స్రవంతి నుంచి ఫోన్ వచ్చింది. ఎనిమిదేళ్ళలో ఆమె నాకు ఫోన్ చేయడం అదే మొదటిసారి. "తాత పోయిండు" అంది. ఏ తాత అని నేను అడగలేదు. మా ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న తాత ఒక్కడే. ఉత్తరం పూర్తి చేసి పంపించాను. అందులో "చింతిస్తున్నాము" అన్న మాట వరసగా రెండుసార్లు పడిందని సాయంత్రం మా మేనేజరు చూపించాడు. నా దిగ్భ్రాంతికి నా దగ్గరున్న సాక్ష్యం అంతే.

అమీర్‌పేటలో డాక్టర్ల తెల్ల ఏప్రాన్లు కుట్టే దర్జీగా, మా దంతవైద్య కళాశాలలో అనేక తరాల విద్యార్థులకు పరీక్షా రోగిగా ద్విముఖ సేవలందించిన సత్తయ్య గారు యూసుఫ్‌గూడలోని స్వగృహంలో నిద్రలోనే పరమపదించారు. పూర్వ విద్యార్థుల సంచికకు నివాళి రాయమని నన్ను అడిగారు. డాక్టర్లైన వారందరికీ పేషెంట్లు ఉన్నారు, నాకు తీరిక ఉంది. పైగా ఆయనను నాకంటే ఎక్కువ రోజులు పీడించినవాడు మా బ్యాచిలో లేడు. ఇంతవరకు "గారు" అని రాశాను గానీ కలం మొరాయిస్తోంది. ఇకమీదట తాత అనే రాస్తాను, పెద్దలు మన్నించాలి.

తెలియని వారి కోసం ఒక మాట. ఆఖరి సంవత్సరం ప్రాక్టికల్ పరీక్షకు ఎవరి పేషెంటును వారే తెచ్చుకోవాలి. ఒక్క పన్ను కూడా లేని మనిషిని వెతికి, నెల ముందునుంచి నోటి కొలతలు తీసుకుని, గులాబీ రంగు మైనంలో పళ్ళు పేర్చుకుని, పరీక్షనాడు ఆ మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, ఆ మైనపు సెట్టును ఆ నోట్లో పెట్టి చూపించాలి. పేషెంటు రాకపోతే మార్కుల్లేవు. సెట్టు ఎంత అందంగా ఉన్నా, నోరు లేకుండా అది బొమ్మ కిందే లెక్క. అందుకే బుద్ధిమంతులు పాఠ్యపుస్తకం కంటే ముందు పళ్ళు లేని మనిషిని సంపాదించుకుంటారు.

తాత స్వస్థలం సిరిసిల్ల. నేతపని వదిలి నగరానికి వచ్చి, కోచింగ్ సెంటర్ల బోర్డుల నడుమ ఒక మెట్ల కింద కుట్టుమిషను వేసుకున్నాడు. పళ్ళెప్పుడు ఊడిపోయాయో ఆయనకే గుర్తులేదు. ఏప్రాను కుట్టించుకోవడానికి వెళ్ళిన మా సీనియర్ ఎవరో ఆయన నవ్వు చూసి ధన్యుడయ్యాడట. అప్పటినుంచి ప్రతి బ్యాచికీ తాతే ఆధారం. ప్రతిఫలంగా ఆయన స్వీకరించింది మెత్తటి ఉప్మా, ఇరానీ చాయ్‌లో ముంచిన బిస్కెట్టు, పంజాగుట్ట చౌరస్తా నుంచి కాలేజీ బస్సులో కిటికీ సీటు. కిటికీ సీటు విషయంలో మాత్రం ఆయన రాజీ పడేవాడు కాదు.

ఏప్రాను చూసి మనిషి చదువు చెప్పగలిగే విద్య తాతకు తప్ప ఇంకెవరికీ లేదు. కొత్త తెల్లగుడ్డతో వచ్చేవాడు మొదటి సంవత్సరం. జేబు అతికించమని వచ్చేవాడు మూడో సంవత్సరం. అరిగిన కాలర్ తిరగేసి కుట్టమని వచ్చేవాడు సప్లిమెంటరీ. నా కాలర్ చేతిలోకి తీసుకుని ఒకసారి అటూ ఇటూ తిప్పాడు. "ఇది ఇంతకుముందే ఒకపారి తిరగేసిన్రు డాక్టర్. ఇంక తిప్పనీకె మూడో దిక్కు లేదు" అన్నాడు. రెండుసార్లు తప్పానని నేను ఇంట్లో కూడా అంత స్పష్టంగా చెప్పలేదు.

మొదటి సంవత్సరం పిల్లవాణ్ణయినా సరే, ఆయన పిలుపు "డాక్టర్" అనే. చదువు మానేసి సెల్‌ఫోన్ల దుకాణం పెట్టుకున్న మా రూమ్మేటు ప్యాంటు పొట్టి చేయించుకోవడానికి వెళితే అతన్నీ డాక్టర్ అనే పిలిచాడు. "నేను వదిలేసిన తాతా" అంటే, "నువ్వు వదిలేసినవ్, నేను వదల్లే" అన్నాడట.

తాత ఓర్పుకు ఒక ఉదాహరణ చాలు. మా సహాధ్యాయి ఒకడు కొలత తీసే మెత్తటి ముద్దను ఉత్సాహంకొద్దీ రెట్టింపు కలిపి ఆయన నోట్లో నింపాడు. ముద్ద గొంతు వైపు ప్రయాణం ప్రారంభించింది. తాత కళ్ళలో నీళ్ళు, ముఖం ఎరుపు. పరుగున వచ్చిన లెక్చరరు "ఎవర్రా ఇది?" అని గర్జిస్తే, ముద్ద బయటికి రాగానే తాత అన్న మొదటి మాట: "డాక్టర్ మంచిగనే చేసిండు సార్. నాకే దగ్గొచ్చింది."

ఇక ఆయన కాలి బొటనవేలి గురించి. ఏళ్ళ తరబడి అదే కుర్చీలో పడుకుని అవే ప్రశ్నలు వినీ వినీ తాతకు మా సబ్జెక్టు మాకంటే బాగా వచ్చేసింది. ఎగ్జామినరు అడుగుతుంటాడు, విద్యార్థి జవాబు చెబుతుంటాడు, తాత నోరు తెరుచుకుని పైకప్పు చూస్తుంటాడు. జవాబు సరైనదైతే కుడి కాలి బొటనవేలు కదిలేది. తప్పైతే ఎడమది. ఎడమది కదిలితే "అంటే సార్, అలా కాదు" అని సర్దుకోవాలి. ఆ వేళ్ళ పుణ్యాన ఈ నగరంలో ప్రాక్టీసు చేసుకుంటున్న వారి పేర్లు నాకు తెలుసు. ఇక్కడ రాయను.

మూడోసారి పరీక్షకు తాత నాకు మాటిచ్చాడు. అప్పటికి మా నాన్న కూడా తన మాట చెప్పేశాడు. ఈసారి కాకపోతే చదువు చాలించి ఏదో ఒక ఉద్యోగం చూసుకోవాలి, నాలుగో ప్రయత్నం లేదు. ఆ సంగతి తాతకు చెప్పాను. "ఫికర్ జెయ్యకు. నేనున్న" అన్నాడు. నెలరోజులు ప్రతి సోమవారం తాత నోరు నా చేతిలో ఉంది. ఒకరోజు నేను తొందరపడి కొలత తప్పితే, "నా నోరు ఏడికి పోదు డాక్టర్. జర ఊపిరి పీల్చుకో" అన్నాడు. పళ్ళ వరస బాగా కుదిరింది. నా జీవితంలో నేను చేసిన పనుల్లో అంత బాగా కుదిరింది అదొక్కటే. అందుకే ఇంత వివరంగా చెబుతున్నాను.

పరీక్ష నాటి ఉదయం పంజాగుట్ట చౌరస్తాలో కాలేజీ బస్సు దగ్గర నిలబడ్డాను. తాత రాలేదు. ముందు బస్సులో వెళ్ళి ఉంటాడనుకున్నాను. ఆ ఊహ నిజమే. హాల్లోకి వెళ్ళేసరికి తాత మూడో కుర్చీలో పడుకుని ఉన్నాడు. పక్కన ఏప్రాను వేసుకుని స్రవంతి నిలబడి ఉంది. ఆమెదీ మూడో ప్రయత్నమే. నెలరోజులుగా ప్రతి గురువారం తాత నోరు ఆమె చేతిలో ఉందన్న సంగతి నాకు అప్పుడు తెలిసింది. ఒకే పరీక్షలో ఒక నోటిని ఇద్దరు చూపించే వీలు లేదు. నా కుర్చీ ఖాళీగా ఉంది. "యువర్ పేషెంట్?" అని ఎగ్జామినరు అడిగాడు. దారిలో ఉన్నాడని చెప్పాను. అబద్ధమే గాని, అరగంట వరకు నేనూ దాన్ని నమ్మాను. ఆ అరగంటా నేను చూసింది ఒకటే, మూడో కుర్చీలోంచి బయటికి వచ్చిన రెండు పాదాలు. కుడి బొటనవేలు కదులుతూనే ఉంది.

సాయంత్రం నా మైనపు సెట్టును డబ్బాలో పెట్టుకుని మెట్ల కింది దుకాణానికి వెళ్ళాను. తాత ఏప్రానుకు కాజా కుడుతున్నాడు. తలెత్తలేదు.

"ఎందుకు చేసినవ్ తాతా?"

"ఆ పిల్ల తప్పితే ఏమన్న చేస్కుంటుండె డాక్టర్. దాని కండ్లు చూసిన నేను."

"మరి నా కండ్లు చూడలేదా?"

"చూసిన బిడ్డా. నువ్వు రేపటికి దీని మీద జోకు చెప్తవ్."

తాత లెక్క తప్పలేదు. నేను జోకు మరునాటికి కాదు, ఆ క్షణమే చెప్పాను. "అయితే ఈసారి ఏడ్చుకుంట కుట్టించుకుంటా ఏప్రాను" అన్నాను. తాత నవ్వలేదు. డబ్బాను మిషను మీద పెట్టి, "ఇది గూడ నీ దగ్గర్నే ఉంచుకో" అని వచ్చేశాను. ఒక మనిషి నవ్వుతున్నాడు కాబట్టి వాడి దగ్గర్నుంచి ఏదైనా తీసుకోవచ్చు అనుకోవడం చాలా మంది చేసే పనే. నన్ను అంత బాగా ఎరిగిన మనిషి చేయడం మాత్రం అదొక్కసారే. ముందే అడిగి ఉంటే ఇచ్చేవాణ్ణా? ఇచ్చేవాణ్ణి కాదు. అది కూడా తెలిసే తాత అడగలేదు. నెలరోజుల పాటు సోమవారాలు నా ఎదుట నోరు తెరిచి పడుకున్న మనిషి ఆ ఒక్క మాట చెప్పడానికి మాత్రం నోరు తెరవలేదు.

చదువు అక్కడితో ఆగింది. ఇప్పుడు సోమాజిగూడలో ఇన్సూరెన్సు ఆఫీసులో పనిచేస్తున్నాను. పంటి వైద్యం పాలసీలో రాదని తెలియజేయడం నా బాధ్యత. విషయ పరిజ్ఞానం ఉన్నందుకు నన్ను ప్రత్యేకంగా ఎంపిక చేశారు. ఆఫీసుకూ అమీర్‌పేటకూ దూరం రెండు మెట్రో స్టేషన్లు. ఎనిమిదేళ్ళలో ఆ మెట్ల వైపు వెళ్ళలేదు. తాత కూడా కబురు పెట్టలేదు.

మూడోనాడు యూసుఫ్‌గూడ వెళ్ళాను. స్రవంతి అప్పటికే వచ్చి ఉంది. నన్ను చూసి లేచి నిలబడింది, మళ్ళీ కూర్చుంది. మేమిద్దరం ఆ విషయం మాట్లాడుకోలేదు, ఇకమీదట మాట్లాడుకుంటామని కూడా అనుకోను. ఆమె మంచి డాక్టరని విన్నాను. అది వినడం నాకు సంతోషమూ కాదు, బాధా కాదు. తాత ఎంపిక తప్పలేదని మాత్రం తెలుస్తూ ఉంటుంది.

తాత కూతురు పద్మక్క ఒక రేకుపెట్టె తెచ్చి తెరిచింది. నిండా పళ్ళ సెట్లు. పరీక్షలయ్యాక డాక్టర్లు పూర్తిచేసి ఇచ్చినవన్నీ అక్కడున్నాయి. ఒక్కటీ వాడిన జాడ లేదు. "అన్నీ వత్తుకుంటున్నయ్ అనెటోడు. ఎవల్కి చెప్పకు, డాక్టర్లు చిన్నవోతరు అనెటోడు" అంది. స్రవంతి సెట్టు కూడా అందులోనే ఉంది. ఆమె దాన్ని చూసి తల దించుకుంది. నాది లేదు. సహజమే అనుకున్నాను.

"నువ్వేనా సోమవారం డాక్టర్‌వి?" అంది పద్మక్క. నేను డాక్టర్‌ను కాదని చెప్పబోయాను. ఆమె అప్పటికే ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళి, పెరుగు గిన్నె వెనకనుంచి ఒక స్టీలు డబ్బా తీసింది. లోపల నీళ్ళు. నీళ్ళలో గులాబీ మైనం, దాని మీద నేను పేర్చిన పళ్ళు. మైనం మన ఎండలకు మెత్తబడుతుంది, పళ్ళ వరస కదిలిపోతుంది, అందుకే చల్లటి నీళ్ళలో ఉంచాలి. ఆ పాఠం తాతకు చెప్పింది నేనే.

"వారానికి ఒకపారి నీళ్లు మార్చెటోడు. ఎవల్ని ముట్టనియ్యకపోయెటోడు. ఇంక పనున్నది దీన్ల, డాక్టర్ వచ్చి ఒకపారి పెట్టి చూస్తడు అనెటోడు" అంది పద్మక్క.

ఎనిమిదేళ్ళు. అది క్షమాపణ అయితే ఒక ఫోన్ చేసి చెప్పవచ్చు. పిలుపు అయితే కూతురిని పంపవచ్చు. రెండు స్టేషన్ల దూరంలో ఉన్న మనిషికి తెలియకుండా ఎదురుచూడటం కూడా నా దృష్టిలో మోసమే. తాత నన్ను రెండుసార్లు మోసం చేశాడు. రెండోది నేను మొదటిదానికంటే ఆలస్యంగా మరిచిపోతాను.

పై వరసనూ కింది వరసనూ చేతిలో పట్టుకుని కలిపి చూశాను. ఒక్క పన్ను కూడా కదలలేదు. చేతిలో అంతా సరిగ్గానే కలిసింది. కానీ చేతిలో కలిస్తే చాలదు. నోట్లో పెడితేగాని తెలియదని మా ఎగ్జామినర్లందరూ చెబుతారు, తాత కూడా చెప్పేవాడు. అది పాసయ్యేదో కాదో చెప్పగల నోరు లోకంలో ఒక్కటే ఉండేది. ఇలాంటి వ్యాసాల్లో "తీరని లోటు" అని రాయడం రివాజు. ఈసారి అది కొలతలతో సహా నిజం.

తాతకు నా నివాళి ఇంతే. డబ్బా ఇప్పుడు మా ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె వెనక ఉంది. నీళ్ళు ప్రతి సోమవారం మారుస్తున్నాను.