సరోజక్క అడిగిన మాట

తాండూరులో బండల పాలిషింగ్ యూనిట్ల పక్కనుంచి వెళ్తుంటే తడిసిన రాతిపొడి వాసన ముక్కుకు తగులుతుంది. వెంటనే సరోజక్క గుర్తొస్తుంది. ఇక నయం కాదన్న రోగుల ఇళ్లకు వెళ్లి, నొప్పి తెలియకుండా చూసుకునే నర్సులం మేము. పొద్దున్నే వికారాబాద్‌లో బయల్దేరేవాళ్లం. ఆమె తల పండిన సిస్టర్, నేను అప్పుడే పనిలో చేరినదాన్ని.

ఆ యూనిట్ల వెనక వీధిలోనే బాలమణెమ్మ ఉండేది. కడుపులో క్యాన్సర్. కొడుకు శీను బండల పనికి పోయివచ్చి, తల్లిని ఎత్తి స్నానం చేయించి, తల దువ్వేవాడు. ఒక వారం మేమిచ్చిన మార్ఫిన్ మాత్రల్లో తొమ్మిది తక్కువయ్యాయి. ఆమె చూస్తే నొప్పికి దుప్పటి అంచు కొరుకుతోంది. నాకు ఒళ్లు మండింది.

"అమ్మ గోలీలు అమ్ముకున్నవా?" అని తల్లి ముందే శీనును నిలదీశాను.

అతను తల దించుకున్నాడు. మంచం మీంచి బాలమణెమ్మే, "వాన్నేమనకు బిడ్డా. నేనే పారేసిన," అంది.

సరోజక్క బాలమణెమ్మకు మందు వేసి, నొప్పి సద్దుమణిగేదాకా చెయ్యి పట్టుకుని కూర్చుంది. తర్వాత శీనును వాకిట్లోకి పిలిచి, "నీకు యాడ నొస్తుంది కొడుకా?" అని అడిగింది.

అతను గోడకానుకుని ఏడ్చేశాడు. "నడుము పోయింది సిస్టర్. గోలీ ఏసుకుంటెనే అమ్మను లేపగలుగుతున్న."

"నీ నడుముకు మందు ఇప్పిస్త, ఫికర్ చెయ్యకు. గాని డాక్టర్‌కు చెప్పుడైతె చెప్త. గీ గోలీలు నీ పాణం మీదికొస్తయి. అమ్మ గోలీలు అమ్మకే ఉండాలె."

అతని ఎదుటే డాక్టర్‌కు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పింది. మర్నాటికల్లా మాత్రలకు తాళం పెట్టె వచ్చింది, తాళంచెవి పక్కింటి అనసూయమ్మ దగ్గర ఉంచాం. దుప్పటితో తల్లిని ఎలా పక్కకు తిప్పాలో సరోజక్క శీనుకు నేర్పింది. అతన్ని దవాఖానాకు తనే తీసుకుపోయింది. నాతో మాత్రం ఒకే మాట అంది: "లెక్క మంచిగనే చూసినవ్ బిడ్డా. మనిషినే చూడలె. పోయి ఆయమ్మకు చెప్పు." వెళ్లి, కొడుకును అంత మాటన్నందుకు క్షమించమన్నాను. బాలమణెమ్మ నా బుగ్గ నిమిరింది. మూడు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం, కొడుకు తల దువ్వుతుండగానే, నొప్పి లేకుండా వెళ్లిపోయింది.

సరోజక్క పోయి రెండేళ్లయింది. ఇప్పటికీ మాత్రలు తక్కువైతే ఆ రోజే డాక్టర్‌కు చెబుతాను. అంతకుముందు ఆ ఇంటివాళ్ల పక్కన కూర్చుని, నొప్పి ఎక్కడని అడుగుతాను. కొందరు చెబుతారు, కొందరు అబద్ధమాడతారు. బయటికొచ్చి చెప్పులేసుకుంటూ, నేను చేసింది సరైనదేనా అని మనసు కొట్టుకుంటుంది. తప్పయితే తప్పని నా మొహమ్మీదే చెప్పే ఆ గొంతు కోసం కాసేపు అలాగే నిలబడిపోతాను.