రెండెకరాల ఇరవై గుంటలు

1966 వేసవిలో నేను బోధన్‌లో లెక్కల మాస్టరుగా పనిచేస్తుండగా, ఉపాధ్యాయ శిక్షణకు అభ్యర్థులను ఎంపిక చేసే పరీక్ష పత్రాలు దిద్దడానికి నిజామాబాద్ రమ్మని ఉత్తర్వు వచ్చింది. నా హోదా అసిస్టెంట్ ఎగ్జామినర్. మా పైన చీఫ్ ఎగ్జామినర్. ఆయన కృష్ణా జిల్లా నుంచి వచ్చిన పెద్దమనిషి, మాటతీరు మర్యాదగా ఉండేది.

ఆ ఏడు దిద్దే పద్ధతి కొత్తది. అంతకుముందు లెక్క చేసిన తీరు చూసి, చివర్లో తప్పినా దారి సరైనదైతే కొన్ని మార్కులు వేసేవాళ్లం. ఈసారి ప్రశ్న పక్కనే ఒక గడి అచ్చేశారు. అభ్యర్థి జవాబు మాత్రం ఆ గడిలో రాయాలి. మా చేతికి ఒక దళసరి అట్ట ఇచ్చారు. గడులు ఉన్నచోటల్లా దానికి కిటికీలు కోసి, ఒక్కో కిటికీ పక్కన సరైన జవాబు ఎర్రటి అక్షరాలతో అచ్చువేశారు. దాన్నే 'కీ' అనేవాళ్లం. అట్టను పత్రం మీద పరచి, కిటికీలో కనిపించేది పక్కనున్నదానితో కలిస్తే టిక్కు, కలవకపోతే సున్నా. చిత్తుపని చూడకూడదు. సగం మార్కులు లేవు.

"ఇక బుర్రతో పనిలేదండీ, కళ్లుంటే చాలు" అన్నారు చీఫ్ గారు మొదటి ఉదయం. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. పని చకచకా సాగిన మాట కూడా నిజమే. నాలుగు రోజులు పట్టే కట్ట ఒక పూటలో తేలిపోయేది.

తేడా రెండో రోజు కనిపించింది. ఒక లెక్క ఇది: నలుచదరపు పొలం ఒక్కో పక్క నూట పది గజాలు, విస్తీర్ణం ఎంత? కీలో '2.50 ఎకరాలు' అని ఉంది. నా కట్టలో పత్రం తర్వాత పత్రంలో '2 ఎకరాల 20 గుంటలు' అని వస్తోంది. మా వైపు ఎకరానికి నలభై గుంటలు. ఇరవై గుంటలంటే అరెకరం. జవాబు నూటికి నూరు పాళ్లు సరైనది. ఒకరైతే ఏకంగా '100 గుంటలు' అని రాశారు, అదీ సరైనదే. అట్ట మాత్రం అన్నింటికీ సున్నాయే వేయమంటోంది.

నేను పత్రాలు పట్టుకుని చీఫ్ గారి దగ్గరికి వెళ్లాను. ఆయన కళ్లజోడు సర్దుకుని, "గుంట అంటే నీళ్ల గుంటే కదండీ, అది లెక్కలోకి ఎందుకొచ్చింది?" అని అడిగారు. ఆయనది వెటకారం కాదు. వాళ్ల ఊళ్లో ఎకరానికి నూరు సెంట్లు, గుంట అంటే నీళ్లు నిలిచే పల్లం. కాగితం మీద లెక్క చేసి చూపించాను. ఒక్క నిమిషంలో అర్థం చేసుకుని, "నిజమేనండీ, ఇది సరైన జవాబే" అన్నారు. ఆ తర్వాత, కీ మార్చే అధికారం తనకు లేదని కూడా అన్నారు. పై కార్యాలయానికి ఆయనే రాశారు. కీలో ఉన్నట్టే దిద్దాలని జవాబు వచ్చింది. కారణం రాయలేదు.

నాకు ఒళ్లు మండింది. చాతనైందల్లా ఒక అభ్యంతర పత్రం రాసి ఫైలులో పెట్టించడం. పెట్టించాను, దిద్దాను.

ఫలితాలు వచ్చాక మళ్లీ కూడమని దరఖాస్తు చేసుకునే వీలు ఉండేది. దీన్ని రీటోటలింగ్ అంటారు. దిద్దినదాన్ని మళ్లీ దిద్దరు, వేసిన మార్కులను మళ్లీ కూడతారు, అంతే. ఆ పనికీ నన్నే పిలిచారు. అలా వచ్చిన పత్రాల్లో ఒకటి గంగామణిది. నవీపేట్ రైతు బిడ్డ, పెళ్లయి నిజామాబాద్ వచ్చింది. భర్తకు బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు ఆడినన్నాళ్లే పని, మిగతా నెలలు ఆమె చుట్టే బీడీలతోనే ఇల్లు గడిచేది. వయసు పరిమితి ప్రకారం ఆమెకు అదే ఆఖరి అవకాశం. గుంటల్లో రాసిన ఆ పొలం లెక్కకు మార్కులు పడితే ఎంపికయ్యేది. మళ్లీ కూడి చూశాను. కూడిక సరిగ్గానే ఉంది. 'మార్పు లేదు' అని రాసి సంతకం చేయవలసి వచ్చింది.

రీటోటలింగ్ ఫలితం చెప్పే రోజు ఆమె తండ్రితో కలిసి వచ్చింది. వరండాలో నిలబడి నన్నే అడిగింది.

"సార్, నా లెక్క తప్పా?"

"తప్పు కాదమ్మా."

"తప్పు గాకపోతె మరి నేనెట్ల ఫెయిలైన?"

కీ గురించి, అట్ట గురించి చెప్పాను. ఆమె తలవంచుకుని వింది. తండ్రి మాత్రం ఊరుకోలేదు.

"సారూ, మా భూమి పహాణీల గుంటలల్లనే రాసిండ్రు. శిస్తు గుంటల లెక్కనే కట్టించుకుంటున్నరు. రాసింది సర్కారే గద? మరి నా బిడ్డ గుంటలల్ల రాస్తె గదే సర్కారుకు సమజ్ గాలేదా?"

పై కార్యాలయానికి రాశామనీ, వాళ్లు ఒప్పుకోలేదనీ చెప్పాను.

"పోదాం పా బాపు, సారేం జేస్తడు" అని ఆమే తండ్రిని తీసుకుపోయింది. ఆ మాట నాకు తిట్టు కన్నా గట్టిగా తగిలింది.

మరుసటి ఏడు కొత్త సూచనలు వచ్చాయి. విలువలో సమానమైన జవాబు ఏ కొలతలో రాసినా మార్కులు ఇవ్వాలని అందులో ఉంది. నా అభ్యంతరమే పనిచేసిందో, మరెవరైనా రాశారో తెలియదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అయినా, ఆ కాగితం తీసుకుని గంగామణి ఇంటికి వెళ్లాను. వాకిట్లో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. చేతులు తుడుచుకుని, నిలబడి మొత్తం చదివింది.

"గిది పోయినేడు రాసినోళ్లకు గూడ పనికొస్తదా సార్?"

"రాదమ్మా."

"అయితే మంచిదే సార్. ఎన్కొచ్చేటోళ్లకన్న పనికొస్తది" అని కాగితం తిరిగి ఇచ్చింది. కూర్చుని చాట ఒళ్లోకి లాక్కుంది. నన్ను చాయ్ తాగి పొమ్మంది.

తర్వాత నేనూ చీఫ్ ఎగ్జామినర్ అయ్యాను. కీని బీరువాలో పెట్టి తాళం వేసి, ముందు ప్రశ్నపత్రం మా వాళ్ల చేతికి ఇచ్చేవాణ్ణి. ప్రతి లెక్కకూ సరైన జవాబు ఎన్ని రకాలుగా రాయవచ్చో అందరూ రాశాకే కీ తీసేవాళ్లం. రోజంతా పట్టేది, విసుక్కునేవాళ్లు విసుక్కున్నారు. కీతో కలవడం వేరు, లెక్క సరిగ్గా ఉండటం వేరు. కీలో తప్పు దొర్లితే శాఖ వచ్చే ఏడు దిద్దుకుంటుంది. పరీక్ష రాసినవాళ్లలో వచ్చే ఏడు లేనివాళ్లు ఉంటారు. అందుకే అభ్యర్థుల కన్నా ముందు కీకి పరీక్ష పెట్టాలి.