పడని వేలిముద్ర

మా మేనత్త పోయిన సోమవారం పొద్దున చనిపోయింది. పత్తి ఏరుతూ ఏరుతూ, ఒడిలో పత్తితోనే కూలిపోయిందట. చంద్రపూర్‌లో నేను బస్సెక్కబోతుంటే బాపు, అంటే మా నాన్న, ఫోన్ చేశాడు. "మీ అత్త పోయింది" అన్నాడు. "దాని చేన్లనే." తగాదా మొదలైన ఈ నాలుగేళ్లలో ఆ చేనును అత్తదని బాపు అనగా వినడం అదే మొదలు.

మరాఠీ రాష్ట్రం అంచున ఉన్న మా లక్కడ్‌కోట్ దిక్కున ఆమెను ఎరగని వాళ్లు లేరు. చాలామందికి గయ్యాళిగానే తెలుసు. లేవగానే ముఖమైనా కడుక్కోకుండా కొడవలి నూరేది. ఆ చప్పుడు ఆగేదాకా ఎవరూ ఆమెను పలకరించేవారు కాదు. ఒకసారి చేన్లో పడ్డ అడవిపంది నడుమును గొడ్డలి కామతో విరగ్గొట్టింది. అది చావకుండా గింజుకుంటుంటే దగ్గరికి పోయి రెండో దెబ్బ వేసింది. "సగం కొట్టి ఇడిసిపెడితే పాపం బిడ్డా" అంది నాతో, చెమట తుడుచుకుంటూ.

పెనిమిటి పోయిన నెలకే అత్తింటివాళ్లు కొట్టి వెళ్లగొడితే, సరిహద్దు అవతల తెలంగాణ దిక్కు ఊరి నుంచి పసిబిడ్డను చంకనేసుకుని నడిచి వచ్చిందట. నెత్తి మీద గడ్డకట్టిన నెత్తురు. మా తాత పశువుల కొట్టం పక్క గది ఇచ్చి, ఎవరూ ముట్టని రాళ్ల చెలకను చేసుకొమ్మన్నాడు. ఆమె రాళ్లు ఏరి ఏరి దాన్ని పత్తిచేను చేసింది.

తాత పోయిన ఏడాదే తెలంగాణ విడిపోయింది. ఆ ఏడే మా దిక్కు బొగ్గు గనికి కొలతలు మొదలై, రాళ్ల చెలకలకూ ధర వచ్చింది. బిడ్డలకూ కొడుకులతో సమానంగా వాటా ఇవ్వాలని చట్టం మారి అప్పటికే చాలా కాలమైంది. మా దగ్గర దానికో విరుగుడు ఉంది, హక్కసోడ్ పత్రం. ఆడబిడ్డను పిలిచి, బొబ్బట్లలాంటి పోలెలు వండి, చీర పెట్టి, "నా వాటా అన్నదమ్ములకు వదులుకుంటున్నాను" అన్న మరాఠీ కాగితం మీద వేలిముద్ర తీసుకుంటారు. అదేమిటని ఎవరూ అడగరు. అడిగితే పుట్టిల్లు తెగిపోతుంది.

అత్తకు చీర పెట్టిన రోజు బాపు ఆ కాగితం నా చేతికిచ్చాడు. నేనప్పుడు కాలేజీలో మొదటి ఏడాది. "మోటరు కనెక్షన్ కాయిదమని చెప్పు" అన్నాడు చెవిలో.

అత్త పోలె నములుతూ, "సదువుకున్నవ్ గదా, ఉన్నదున్నట్టు సదువు బిడ్డా" అంది.

ఒక్కో మాటా తెలుగు చేసి చదివాను.

"సంతోషంగ ఇడిసిపెడుతున్న అని రాసిన్రా? ఎవల సంతోషం?" అంది.

బాపు తమ్ముడు, మా చిన్నబాపు, దిగ్గున లేచాడు. "నిన్ను అవుతలికి ఇచ్చినం. నీది గా రాష్ట్రం, మాది గీ రాష్ట్రం. గీడ నీకేం హక్కున్నదే అక్కా?"

"రాష్ట్రం ఇడిపోతే నేను మా అయ్యకు బిడ్డను గాకుంట పోతనా తమ్మి? తెచ్చిన చీర సూడు, గంత ఎలిసిపోయిందేంది, నీ మొఖమే నయం."

చిన్నబాపు జుట్టు పట్టి ఈడ్చాడు. బాపు ఆపుతాడనుకున్నాను. బాపు ముల్లుగర్ర అందుకున్నాడు. అత్త పెదవి చిట్లింది. అబద్ధం చెప్పనందుకు నా మీదికి లేచిన దెబ్బకు ఆమె వీపు అడ్డం పెట్టింది.

"పొద్దుగాల రాజురకు పోతున్నం. వస్తవా, ఈడ్సుకపోవాల్నా?" అన్నాడు చిన్నబాపు.

తెల్లారి వాకిట్లో జీపు హారన్ మోగేసరికి అత్త పొయ్యి ముందు జొన్నరొట్టెలు చేస్తోంది. కాలిన రొట్టె తీసి పక్కన పెట్టింది. వట్టి పెనం మీద రెండు బొటనవేళ్లూ ఆనించి అదిమింది. అరవలేదు. పళ్లు కొరికిన చప్పుడు, చర్మం కాలిన వాసన. నేను పరుగెత్తి చేతులు లాగేలోపే అయిపోయింది.

"రొట్టె సల్లారుతది, బిడ్డకు పెట్టు" అని జీపెక్కింది.

రాజుర రిజిస్ట్రీ ఆఫీసులో వేలిముద్రల యంత్రం మీద ముద్ర పడలేదు. గుమస్తా ఆమె వేళ్లు చూశాడు, పెదవి చూశాడు, వెనక నిలబడ్డ అన్నదమ్ములను చూశాడు. "బాయీ, రాజీఖుషీనే దేతా కా?" అని అడిగాడు. ఇష్టపడే ఇస్తున్నారా అని.

"నాహీ" అంది అత్త.

కాగితం వెనక్కి వచ్చింది.

ఆ తర్వాత ఆమె చేన్లోకి ఎన్నిసార్లు పశువులను తోలారో లెక్కలేదు. వడిసెల రాయి తగిలి చిన్నబాపు ముందుపన్ను ఊడితే, "అయ్యో తమ్మి, పిట్టనుకున్న" అందట. ఆమె వదులుకోలేదు గనుక చివరికి తాత భూమి రికార్డు సాత్‌బారాలో అన్నదమ్ముల పేర్ల కింద ఆమె పేరు ఎక్కింది, ఆ చెలకే ఆమె వాటాకు వచ్చింది. ఆ కాగితం చదివి వినిపిస్తే మళ్లీ చదవమంది. మూడోసారి కళ్లు మూసుకుని విన్నది. నేను చదివిన చదువు ఒక మనిషికి పనికొచ్చిందని నాకు తెలిసింది ఆ పూటే. అందుకు ఆమెకు రుణపడి ఉన్నాను.

సోమవారం సాయంత్రం పాడె లేచింది. వాగు ఒడ్డుకు దగ్గరి దారి ఆమె చేనుకు అడ్డంగా పోతుంది. పత్తి తెల్లగా విచ్చి ఉంది. మోసేవాళ్లు గట్టు మీద ఆగిపోయారు.

నిప్పుకుండ పట్టుకున్న ఆమె బిడ్డ వెనక్కి తిరిగింది. పదిహేనేళ్ల పిల్ల. "తొక్కుండ్రి, మాదే" అంది.

అందరూ చేన్లోకి దిగారు. పాడె మోస్తున్న చిన్నబాపు కూడా దిగాడు. బాపు ఒక్కడే దిగలేదు. చెప్పులు విప్పి చేత పట్టుకున్నాడు. వాగు ఒడ్డు చేరాక నేను తిరిగి చూశాను. ఎర్రమట్టిలోకి నలిగిన పత్తి మా వెనక తెల్లటి బాటలా ఉంది. దూరంగా గట్టు మలుపులో, ఒక్క అడుగైనా చేన్లో పెట్టకుండా, బాపు ఇంకా చుట్టూ నడుస్తూనే ఉన్నాడు.