ఖాళీ బిళ్ల మీద ఎర్ర గీత

దెయ్యాల కబుర్లు మొదలవగానే లేచి వెళ్లిపోయే రకం నేను. కెమిస్ట్రీ చదివాను. పాల్వంచలో ఒక ప్రైవేటు ల్యాబులో పనిచేస్తున్నాను. బూడిద, మట్టి మా దగ్గరికి పరీక్షకు వస్తాయి. వాటిని బిళ్లలుగా నొక్కి లేజర్‌తో కొడతాం. చిటుక్కుమని నిప్పురవ్వ లేస్తుంది. ఆ వెలుగును మిషను రంగులుగా విడదీస్తుంది. ఏ మూలకం ఉంటే దాని గీత తెర మీద పడుతుంది. ఇందులో దాపరికానికి చోటే లేదని నాకు భలే గర్వంగా ఉండేది.

రోజూ పని మొదలుపెట్టేముందు పరీక్ష సరుకేదీ కలపకుండా ఉత్త పొడితో నొక్కిన ఖాళీ బిళ్లను కొడతాం. అందులో ఏదైనా గీత వస్తే అది మిషను మురికి కింద లెక్క. మిగతా ఫలితాల్లోంచి దాన్ని తీసేస్తాం.

మా తమ్ముడు శ్రీను మనసు బాగుండక లిథియం మాత్రలు వాడేవాడు. పోయిన వానాకాలం వాటిని మా ఊరు ఖానాపురం హవేలిలో ఇంట్లోనే వదిలేసి భద్రాచలం బస్సెక్కాడు. దిగి అడవి దారి పట్టాడని చూసినవాళ్లు చెప్పారు. ఎంత వెతికినా దొరకలేదు.

ఆ తర్వాతే ఖాళీ బిళ్లలో ఎర్ర గీత మొదలైంది. లిథియం గీత.

"ఏంది మేడం, ఖాళీ దాంట్ల గిదెట్ల వచ్చింది?" అన్నాడు నాతో పనిచేసే యాకూబ్.

నాకు నవ్వొచ్చింది. శ్రీను దొరికితే వెంటనే వేద్దామని ఆ మాత్రలు నా బ్యాగులోనే పెట్టుకు తిరుగుతున్నాను. వాటి పొడి బిళ్లకు అంటుకుని ఉంటుందనుకున్నాను. మాత్రలు ఇంట్లో పెట్టేశాను. లెన్సు తుడిచాం. బిళ్లలు నొక్కే పొడి కొత్తది తెప్పించాం. నేను సెలవు పెట్టినరోజు యాకూబ్ ఒక్కడే కొట్టినా గీత వచ్చింది. దాన్ని తీసేసే బటన్ రోజూ యాకూబ్‌తోనే నొక్కించేదాన్ని.

ఇంట్లో పెదనాన్న, "ఎన్నాళ్లని చూస్తం? దర్భ బొమ్మ చేసి కర్మ జేద్దం" అన్నాడు.

అమ్మ నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పు బిడ్డా, ఉన్నడా?"

"ఉన్నడమ్మా. ఆగుదం." ఆ మాట నా నోటినుంచే వచ్చింది. ఆ పొద్దున కూడా గీత పడిందని ఎవరికీ చెప్పలేదు.

ఒక సోమవారం గీత రాలేదు. అదే లెన్సు, అదే డబ్బాలో పొడి.

"సాఫ్ అయింది మేడం" అని యాకూబ్ సంబరపడ్డాడు. నేను స్టూలు మీద కూలబడి ఏడ్చాను. అతను కంగారుపడి మంచినీళ్లు తెచ్చాడు.

మర్నాడు ఫోనొచ్చింది. అడవిలో ఒక వాగు పక్కన శ్రీను దొరికాడు. ప్రాణం పోయి ఒకరోజు దాటి ఉంటుందని దవాఖానాలో డాక్టరు చెప్పాడు. అంటే మేం కర్మ మాట ఎత్తిననాడు వాడు బతికే ఉన్నాడు.

మిషను చూడడానికి వచ్చిన ఇంజనీరు ఏ లోపమూ లేదన్నాడు. ఇప్పుడు ఖాళీ బిళ్ల ఖాళీగానే ఉంటోంది. అయినా తెర మీద ఆ గీత పడే చోటికే నా కళ్లు ముందు పోతాయి.

"ఉన్నడని గంత గట్టిగ ఎట్ల చెప్పినవ్ బిడ్డా?" అని అమ్మ ఇప్పటికీ అడుగుతుంది. ఎర్ర గీత సంగతి చెప్తే ఆమె నమ్ముతుంది, నేనే ఇంకా నమ్మలేకపోతున్నాను.