తోమిన వెండి

వెండి గురించి కనకకి తెలిసినంత దేవీప్రసాద్ గారికి తెలియదు. ఈ మాట ఆయన ముందు అనే ధైర్యం ఆ రోజుల్లో నాకు లేకపోయింది. ఇప్పుడు అని లాభం లేదు.

కనకది జి.మాడుగుల మండలంలో గుమ్మిపుట్టు అనే కొండ ఊరు. ముప్పై గడపలుంటాయి. జీపు ఆగే చోటు నుంచి గంటన్నర నడక. పంతొమ్మిది వందల తొంభై ఆరు వానాకాలంలో వాంతులూ విరేచనాలూ పట్టుకుని ఆమె పిల్లలిద్దరూ వారం తేడాలో పోయారు. మళ్ళీ పిల్లలు కలగలేదు. ఏడ్చి ఊరుకునే మనిషి కాదు కనక. ఊరి పక్కన పారే గెడ్డ నీళ్ళే తన పిల్లల్ని తిన్నాయని ఎవరూ చెప్పకుండానే తేల్చుకుంది. గెడ్డ పక్కన ఇసుకలో చెలమ తవ్వి, చుట్టూ రాళ్ళు పేర్చి, పశువులు దిగకుండా ముళ్ళకంప కట్టింది. తాగే నీళ్ళు అక్కడే పట్టాలని ఊరందరితో పోట్లాడింది. వానలు మొదలైతే ఆ నీళ్ళు కూడా కాచుకోమని ఇంటింటికీ తిరిగి పోరేది. నిజమని నమ్మి కొందరు, ఆమె నోటికి జడిసి కొందరు కాచుకునేవారు. తర్వాత పదేళ్ళలో ఆ ఊళ్ళో నీళ్ళ రోగంతో ఒక్క పిల్ల కూడా పోలేదు. దాని మీద ఎవరూ పరిశోధన చెయ్యలేదు.

రెండువేల ఏడులో ఆ కొండల్లో ఇరవై ఊళ్ళకి మా ప్రాజెక్టు వచ్చింది. దేవీప్రసాద్ గారు పట్నంలో పరిశోధకుడు. మంచివాడు, ఆ మాట దాచను. వెండిని కంటికి ఆనని రేణువులుగా చేసి, వాటిని క్యాండిల్ అనే మట్టి గొట్టానికి పూసి, నీళ్ళ ఫిల్టర్‌లో బిగించేవారు. వెంట్రుక మందాన్ని వేల ముక్కలు చేస్తే ఒక ముక్క ఎంతో, రేణువు అంత. అంత చిన్నదైపోతే వెండి గుణమే మారిపోతుందట, నీళ్ళలోని సూక్ష్మజీవులను చంపుతుందట. కరెంటు అక్కర్లేదు, కట్టెలు అక్కర్లేదు. రంగు కూడా మారిపోతుంది. మెరవదు. మసిపట్టినట్టు గోధుమరంగులో ఉంటుంది.

నా పని ఆయన మాటల్ని ఊరివాళ్ళకి అర్థమయ్యేలా చెప్పడం. మా అమ్మది ఆ కొండలే కాబట్టి ఆ ఉద్యోగం నాకు దొరికింది. జూన్ నెలలో గుమ్మిపుట్టులో మీటింగు పెట్టాం. దేవీప్రసాద్ గారు అరగంట మాట్లాడారు, అందులో సగం ఇంగ్లీషు. నా చేతిలో ఒక కాగితం పెట్టారు. క్యాండిల్‌ని తోమకూడదు, తోమితే పూత పోతుంది, పరీక్షల ఫలితాలు వచ్చేదాకా నీళ్ళు కాచడం మానకూడదు అని చివర్లో స్పష్టంగా రాసి ఉంది. కొండమీద మబ్బు దిగింది. వాన కురిస్తే గెడ్డ పొంగి దారి మూసుకుపోతుంది. ఆ రాత్రి ఊళ్ళో పడుకోవడం నాకు ఇష్టం లేదు. అందుకని కాగితం మడిచి మూడు మాటల్లో తేల్చేశాను. ఇందులో వెండి ఉంది, అది పురుగుల్ని చంపుతుంది. ఇక కాచక్కర్లేదు. శుభ్రంగా ఉంచుకోండి.

అనుమానం వచ్చింది కనకకి ఒక్కదానికే.

"ఎండైతే మెరవాలి కదా బాబూ. ఇదేటి, మసిబారిపోనాదీ?"

వెండేనప్పా అని నవ్వేశాను. ఊరంతా ఆమె మాట వింటుంది కాబట్టి ఊరికని తెచ్చిన అయిదు ఫిల్టర్లూ ఆమెకే అప్పజెప్పి దిగిపోయాం.

ఆ కొండల్లో ఏటా వేసవిలో వచ్చే ఇటుకల పండగ ముందు ఆడవాళ్ళు మెడలో కంటెలూ కాళ్ళ కడియాలూ తీసి చింతపండూ బూడిదా వేసి తోముతారు. వెండి నల్లబడితే పెట్టుకున్న మనిషి ఒంట్లో బాగోలేదని లెక్క. మెరుపు వస్తేనే దానికి మళ్ళీ బలం వచ్చిందంటారు. కనక చేసింది అదే. పాపం, ఈ వెండికి పట్నం నుంచి వచ్చేసరికి బలం పోయిందనుకుంది. రెండు రోజులకోసారి అయిదు క్యాండిళ్ళూ విప్పి, గెడ్డ ఒడ్డున కూర్చుని, చింతపండుతో బూడిదతో తోమింది. గోధుమరంగు పోయి సుద్దలా తెల్లబడ్డాయి. లోపలి వెండి బయటపడిందని సంబరపడింది. జూలైలో నేను చూడ్డానికి వెళితే ఒకటి నా చేతికిచ్చి చూపించింది. బాగా చూసుకుంటున్నావప్పా అని మెచ్చుకుని, ఫిల్టర్లు మంచి స్థితిలో ఉన్నాయని రాసుకుని వచ్చాను. కాగితం చదివినవాణ్ణి. ఆ తెలుపు చూసైనా నాకు గుర్తు రావాలి. రాలేదు.

కాచక్కర్లేదని ఊరందరికీ చెప్పింది కూడా కనకే. నేను చెబితే నమ్మేవారు కాదు, ఆమె చెప్పింది కాబట్టి నమ్మారు. ఆగస్టులో ఆరుగురు పిల్లలకి ఒక్కసారే విరేచనాలు పట్టుకున్నాయి. అయిదుగురు బతికారు. కనక పొరుగింటి బుధు కూతురికి నాలుగేళ్ళు. డోలీ కట్టి మోసుకెళ్తుంటే రోడ్డు కనబడే మలుపు దగ్గర పోయింది. డోలీ పక్కనే నడిచిన కనక అక్కడే కూలబడిపోయిందట.

దేవీప్రసాద్ గారు వచ్చి క్యాండిళ్ళు పట్టుకెళ్ళి పరీక్ష చేయించారు. పూత జాడ కూడా లేదు. ఎవరు తోమారని ఊరి మధ్య అడిగారు. నేనే అంది కనక. తోమొద్దని చెప్పలేదా అని ఆయన నా వైపు చూశారు. చెప్పానండీ అన్నాను. ఊరంతా వింది. కనక కూడా వింది. నా మొహంలోకి చూసింది. ఆనాడే నా నాలుక ఊడిపోయి ఉంటే బాగుండేది.

ఆమె ఇంకో సంగతి అడగమంది.

"నాను తోమిన ఎండంతా గెడ్డలోకే పోనాది. పురుగుల్ని సంపీసేది, సేపల్ని ఏటి సేస్తాదో, మడిలో మట్టిని ఏటి సేస్తాదో అడుగు బాబూ."

అడిగాను. అది ప్రపంచంలో ఇంకా ఎక్కడా పూర్తిగా తేలలేదని, దాని మీద పరిశోధన జరగాలని చెప్పారు. తేలనిదాన్ని ఇరవై ఊళ్ళకి ఎలా పంచారని నేను అడగలేదు. జీతం తీసుకునేవాణ్ణి. రిపోర్టులో వినియోగదారుల అవగాహన లోపం అని రాశారు. మరుసటి ఏడు పెద్ద పత్రికలో వచ్చిన వ్యాసంలో పంతొమ్మిది ఊళ్ళ ఫలితాలే ఉన్నాయి. గుమ్మిపుట్టు అనే ఊరు అందులో లేనే లేదు.

ఊరు మాత్రం అంత తేలిగ్గా మరిచిపోలేదు. బుధు కనక తవ్విన చెలమలో నీళ్ళు ముట్టనన్నాడు. అతన్ని చూసి ఒక్కొక్క ఇల్లూ మానేసింది. అందరూ పాతకాలంలోలా గెడ్డలోనే ముంచుకుంటున్నారు. కాచుకోమని కనక గుమ్మంలోకి వెళితే ఆడవాళ్ళు లోపలికి వెళ్ళిపోతున్నారు. ఈ సంగతి నాకు సంతలో తెలిసింది. ఒక్క నా అబద్ధంతో ఆ ఊరి పిల్లలు పదేళ్ళు వెనక్కి పోయారు.

రెండువేల ఎనిమిది మే నెలలో, వానలు రాకముందే వెళ్ళాను. కనక ఒంటరిగా చెలమలో పూడిక తీస్తోంది. చెప్పేశాను. కాగితంలో తోమొద్దని రాసి ఉందని, నేను మీకు చదివి వినిపించలేదని, ఆ రోజు నలుగురిలో అబద్ధమాడానని. చెబుతూ ఏడ్చాను కూడా. ఆమె చేతులు కడుక్కుని లేచింది.

"నాకు తెల్దేటి? ఆ దినం నానూ అక్కడే ఉన్నాను కదా. నాకు సెప్పడానికి ఇంత దూరం వొచ్చినావు. ఆ కనిపించేదే బుధు ఇల్లు. బుధుకి సెప్పు. వానలొచ్చీసరికి ఈ నీళ్ళు పట్టుకుంతారు."

అలాగే అప్పా అన్నాను. బుధు ఇంటి ముందుకొచ్చాను. తలుపు తీసే ఉంది. బుధు అరుగు మీద కూర్చుని నన్ను చూసి, ఏటి బాబూ ఇలా వొచ్చినావు అని అడిగాడు. ఊరికే వచ్చానని చెప్పి కొండ దిగిపోయాను.