గులాబీ ఫాలు పట్టుకుని ఎల్బీనగర్ దాకా

ఆ రోజుల్లో ముక్కుకూ మూతికీ గుడ్డ కట్టుకుని రోడ్డెక్కితే జనం దొంగ అనుకునేవాళ్ళు, లేదంటే స్వైన్ ఫ్లూ అనుకునేవాళ్ళు. ఈ రెండూ కాకుండా మూడోది కూడా అనుకుంటారని నాకు తెలంగాణ ఉద్యమం నాటి ఒక బంద్ రోజే తెలిసింది. ఈ సంగతి రాసిపెట్టాలని ఇన్నేళ్ళూ అనిపించలేదు. కానీ మొన్న ఇంట్లో అందరం కలిసినప్పుడు మా బావ ఈ కథ చెబుతూ నా వెనక వెయ్యిమంది నడిచారన్నాడు. ఆ బంద్ నాటికి మూడు వారాల పసిగుడ్డైన, ఇప్పుడు పెద్దపిల్లైన మా చిన్న మేనకోడలు "మామా, నిన్ను జైల్ల ఏసిండ్రట కదా, నిజమేనా?" అని గౌరవంగా అడిగింది. ఇంకొన్నాళ్ళు ఊరుకుంటే నేను లాఠీదెబ్బలు కూడా తినాల్సి వస్తుంది. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పోచంపల్లి వైపు నుంచి వచ్చిన కుటుంబం మాది. ఇరవై ఏళ్ళ వయసులో నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల కొట్లో పనిచేసేవాణ్ణి. పదో తరగతితో ఆగిపోయింది బడే కానీ చదువు కాదని అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పేవాణ్ణి. గ్రంథాలయంలో ఆరోగ్యం పుస్తకాల అలమార మొత్తం చదివేశాను మరి. (ఉన్నవి రెండు అరలే. కానీ పై అర అందాలంటే స్టూలు ఎక్కాలి.) అక్క మూడో కాన్పుకు ఎల్బీనగర్‌లో అమ్మ దగ్గర ఉంది. బడికి పోయే పిల్లలు జ్వరాన్ని ఇంటికి మోసుకొస్తారని, బాలింత దగ్గర వాళ్ళు ఉండకూడదని తేల్చింది నేనే. "పుస్తకంల ఉన్నదా?" అని అమ్మ ఒక్కటే అడిగింది. "ఉన్నది" అన్నాను. అంతే, పిల్లలిద్దరూ దిల్‌సుఖ్‌నగర్‌లో బావతోనూ నాతోనూ ఉండిపోయారు. పెద్దది ఆరేళ్ళ పిల్ల, వీధిలో నినాదాలు చెప్పించడం దాని పని కాబట్టి అందరూ లీడర్ అనేవాళ్ళు. రెండోవాడు బుడ్డోడు, నాలుగేళ్ళవాడు. వాళ్ళమ్మ పాత చీర మెడకు చుట్టుకుంటే తప్ప వాడికి నిద్ర పట్టేది కాదు.

పాపను తొట్టెల్లో వేసే రోజుకు పిల్లల్ని తీసుకురావచ్చని నేనే అనుమతి ఇచ్చాను. ఎవరు తుమ్మినా గేటు నుంచే వెనక్కి అని షరతు కూడా పెట్టాను. తీరా ఆ రోజు తెలంగాణ బంద్. బస్సుల్లేవు, ఆటోల్లేవు. ఏర్పాట్ల కోసం ముందే వెళ్ళిన బావ స్కూటర్ మీద మాకోసం బయల్దేరి, ఎల్బీనగర్ చౌరస్తా దాటలేక తిరిగి వెళ్ళిపోయాడు. అక్క ఫోన్ చేసింది. "గీ ఇద్దరు రాకుంటే పాపను తొట్టెల్ల ఎయ్య. ఎట్ల తెస్తవో నాకు తెల్వది తమ్మీ. బుడ్డోణ్ణి సూడక పాణం కొట్టుకుంటున్నది" అంది. నడిచిపోదామని నిర్ణయించాను.

కొట్లో అమ్ముడుపోని ఫాలు ముక్కలు నా దగ్గర ఉన్నాయి. ఫాలంటే చీర కుచ్చిళ్ళ దగ్గర లోపల కుట్టే పొడుగాటి గుడ్డ. అన్నీ గులాబీ రంగువే. మడతలు పెట్టి ముగ్గురికీ మూతిగుడ్డలు కట్టాను. మిగిలినవి ఒకదానికొకటి కలిపి, మనిషికో ముడి వేసి, ముడికీ ముడికీ మధ్య చెయ్యి చాచినంత దూరం పెట్టాను. ముందు నేను, మధ్యలో బుడ్డోడు, వెనక లీడర్. దగ్గరగా ఉంటే తుంపరలు పడతాయని చదివాను కదా. (ముగ్గురం రాత్రంతా ఒకే పరుపు మీద పడుకున్నామన్న సంగతి ఆ క్షణంలో తట్టలేదు.) "మామా, రైలాటనా?" అన్నాడు బుడ్డోడు. "కాదు బిడ్డా, జాగ్రత్త. దగ్గర పోతే చెల్లెకు జరమొస్తది" అన్నాను.

చైతన్యపురి దగ్గర విద్యార్థులు రోడ్డు మీద బైఠాయించి ఉన్నారు. జనానికి దూరంగా పక్కనుంచి జారుకుందామనుకున్నాను. లీడర్‌కు అంతమంది ఒక్కచోట కనబడటం అదే మొదటిసారి. మూతిగుడ్డ కిందికి లాగి "జై తెలంగాణ!" అని అరిచింది. ఉద్యమం రంగు గులాబీ గుడ్డలు, ముందు ఒక మనిషి, వెనక పిల్లలు, ఇంకేం కావాలి? కళ్ళజోడు పెట్టుకున్న ఒక తమ్ముడు పరుగున వచ్చి ఫాలు చివర పట్టుకున్నాడు. వాడి వెనక ఇంకొకడు, ఇంకొకడు. "తమ్మీ, దగ్గరికి రావొద్దు! చెయ్యి చాచినంత దూరం!" అని మొత్తుకున్నాను. "అన్న చెప్పినట్టు ఉండుండ్రిరా, ఫోటోల మస్తుగుంటది!" అని కళ్ళజోడు వెనక్కి కేకేశాడు. అందరూ బుద్ధిగా చేతులు చాచి, దూరం కొలుచుకుని నిలబడ్డారు. నా మాట అంతమంది విన్న రోజు అంతకు ముందూ లేదు, ఆ తర్వాతా లేదు. కాసేపటికి బుడ్డోడికి కాళ్ళు నొప్పులు పుట్టాయి. మొహం నావైపు రాకుండా వాణ్ణి భుజాన వేసుకున్నాను. వాడు వెనక్కి చూస్తూ చెయ్యి ఊపాడు. వెనకనుంచి ఈలలే ఈలలు.

కొత్తపేటలో పోలీసులు ఆపారు. ఎస్సైగారు కోస్తావైపు మనిషి. "ఏంటయ్యా ఇది? పసిపిల్లల్ని ముందు పెట్టి ఊరేగింపు చేస్తావా? ఎక్కు వ్యాను!" అన్నారు. "ఊరేగింపు కాదు సార్. స్వైన్ ఫ్లూ రాకుండ జనానికి దూరంగ పోతున్నం" అన్నాను. ఆయన నా వెనక్కి చూశారు. నేనూ తిరిగి చూశాను. ఫాలు చివర ఎవరిదో తువ్వాల, దాని చివర ఎవరిదో చున్నీ, దాని చివర ఇంకేదో. ఆ వరుస పండ్ల మార్కెట్ దిక్కుగా సాగిపోయింది. "జనానికి దూరంగానా!" అన్నారాయన. వ్యాను ఎక్కితే ఆ పూట అక్క దగ్గరికి చేరేదెట్లా? లీడర్ ముందుకొచ్చి, "సార్, మా చెల్లెను తొట్టెల్ల ఏస్తరు. అమ్మ మాకోసం సూస్తున్నది" అంది. ఆయన మొహం కాస్త మెత్తబడింది. అంతలో రోడ్డు మీద ఎవరో తగలబెట్టిన టైరు పొగ ఇటు తిరిగింది. బుడ్డోడు నా భుజం మీదనుంచి గట్టిగా తుమ్మాడు. ఎస్సైగారు వెనక్కి జరిగారు. కానిస్టేబుళ్ళు ఇంకా వెనక్కి జరిగారు. నా వెనక చేతులన్నీ ఫాలు వదిలేశాయి. "పొండి, పొండి! ముందు పిల్లాడికి ఆవిరి పట్టించండి!" అన్నారాయన, జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని. "నువ్వు పో అన్నా, మేం ఈడ్నే కూసుంటం" అన్నాడు కళ్ళజోడు తమ్ముడు, బాగా దూరం నుంచి.

ఇక దారంతా నాకు ఒకటే పరేషాన్. షరతు పెట్టింది నేనే, తుమ్మింది వీడు. అమ్మమ్మకు చెప్పొద్దురా అందామనుకుని, చదువుకున్నవాణ్ణి అబద్ధం నేర్పడమేమిటని ఊరుకున్నాను. ఊరుకున్నా లాభం లేకపోయింది. గేటు కనబడగానే లీడర్, "అమ్మమ్మా! బుడ్డోడు తుమ్మిండు, పోలీసులు ఉరికిండ్రు!" అని వీధంతా వినబడేలా చెప్పింది. అమ్మ గేటు మీద చెయ్యి వేసి నావైపు చూసింది. "ఏమంటది రా నీ పుస్తకం?" అంది. పుస్తకం ఏమీ అనలేదు. అప్పటికి అక్క పాపను ఎత్తుకుని గడప దాకా వచ్చేసింది. "రా బిడ్డ" అంది. వాడు పరుగెత్తుతాడని ఫాలు వదిలేశాను. వాడు కదల్లేదు. తన ముడి రెండు చేతులా పట్టుకుని అక్కడే నిలబడి, "రాను. దూరం ఉండాలె. చెల్లెకు జరమొస్తది" అన్నాడు. మూతిగుడ్డ పైన కళ్ళు నిండిపోయి ఉన్నాయి.

గేటు తెరిచి దగ్గరికొచ్చిన అమ్మ చేతికి అక్క పాపనిచ్చి, కొంగు ముక్కుకు చుట్టుకుని, మెట్లు దిగింది. కింద పడ్డ ఫాలు కొస అందుకుని, గాలిపటం దింపినట్టు నెమ్మదిగా లాగింది. వాడు అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చి ఆమె ఒళ్ళో పడ్డాక గానీ ఏడవలేదు. ఏడ్చాడంటే, అన్ని రోజులదీ కలిపి ఏడ్చాడు. ఆ తర్వాత అక్క వాడికి వేడినీళ్ళతో తలకు పోసి, బట్టలు మార్చి, కొత్త మూతిగుడ్డ కట్టి తొట్టెలకు కాస్త ఎడంగా కూర్చోబెట్టింది. వాడికి జ్వరం లేదు, ఏమీ లేదు. అది చూసి నేను "పుస్తకంలో కూడా ఇట్లనే ఉన్నది" అన్నాను. ఎవరూ వినిపించుకోలేదు.

ఆ రోజు సాయపడినవాళ్ళకు దండాలు చెప్పుకోవాలి: నా మాట నమ్మి దూరం పాటించిన కళ్ళజోడు తమ్ముడికీ అతని నేస్తాలకూ, మమ్మల్ని వ్యాను ఎక్కించకుండా వదిలేసిన ఎస్సైగారికి, నిజం చెప్పిన లీడర్‌కు, వేళకు తుమ్మిన బుడ్డోడికి, గేటు తెరిచిన అమ్మకు, నాకంటే బాగా తెలిసిన అక్కకు. చివరగా, ముందు నడిచిన ఆ ఇరవై ఏళ్ళవాడికి కూడా. వెనక్కి చూడకుండా నడిచినా పిల్లలు వెనకే వస్తారని వాడికి ఎంత నమ్మకమో! ఇప్పుడు నాగోల్ మెట్రో మెట్ల మీద ఆ ఇద్దరూ నాకంటే చాలా ముందు నడుస్తారు. పైన ఆగి, "మామా, జర జల్ది రా" అని పిలుస్తారు. నేను పుస్తకం చంకలో పెట్టుకుని వస్తున్నానంటాను.